నలభై రెండు అంశాల గొలుసు

పక్క జిల్లాలో ఎవరిదో చిటికెన వేలు కోత మిషన్ గొలుసులో పడి నలిగింది. పన్నెండో రోజుకల్లా ఈ జిల్లాలో ఇరవై ఆరు కోత మిషన్లకు లక్క సీళ్ళు పడ్డాయి.

సీలంటే మిషన్ మొత్తానికి కాదు. మిషన్ నడవొచ్చు, కోయొచ్చు, నూర్చొచ్చు. గొలుసు బిగించే బోల్టు ఒక్కదానికే సీలు. దానికి తెల్లకాగితం చుట్టి, ఎర్ర లక్క కరిగించి పోసి, యాంత్రిక సేద్య సేవా మండలి వారి ముద్ర గుద్దారు. కాగితం మీద ఇలా ఉంది: "భద్రతా కమిటీ సమక్షమున తప్ప ఈ బోల్టును ఎవరూ తాకరాదు. తాకినవారు ఉద్యోగము నుండి శాశ్వతముగా తొలగింపబడుదురు."

అబ్బులు దాన్ని రెండుసార్లు చదివాడు. అతను ఆ మండలిలో మెకానిక్. పదకొండేళ్ళుగా మెకానిక్. అయితే పదకొండేళ్ళూ కాంట్రాక్టు మీదే. ఏటేటా నవంబరు ఆఖరుకి ఒక పొడిగింపు కాగితం వస్తేనే డిసెంబరులో అతను మెకానిక్. ఈ ఏటి కాగితం ఇంకా సూపరింటెండెంట్ పరాంకుశం బల్ల మీదే ఉంది.

"గొలుసు వదులైతే ఏం చెయ్యాలండీ?" అని సీలు వేస్తున్న గుమాస్తాని అడిగాడు.

"వదులవకుండా చూసుకో," అన్నాడు గుమాస్తా లక్క ఊదుతూ.

గొలుసన్నాక వదులవుతుంది. బురదలో, దుమ్ములో, గడ్డిలో రోజుకి పది గంటలు తిరిగే గొలుసు వారానికోసారైనా వదులవుతుంది. వదులైన గొలుసు చక్రం పళ్ళ మీద నిలవదు, టకటకమని జారుతుంది. అప్పుడు కోసిన పైరు లోపలికి పోకుండా నోట్లోనే కుక్కుకుంటుంది. అదే మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. సరైన బిగువంటే, గొలుసు నడిమధ్య కర్రపుల్లతో నొక్కితే వేలెడు లావు కిందికి దిగాలి. తెలిసినవాడికి పావుగంట పని.

అబ్బులికి తెలుసు. నేర్పిన వీరభద్రాచారికి కుడిచేతికి మూడే వేళ్ళు. పోయిన రెండు వేళ్ళూ గొలుసులోనే పోయాయి. అందుకని ఆచారి పాఠాలు కూడా మూడే చెప్పేవాడు. ఇంజను ఆపి తాళంచెవి నీ మొలతాడుకే కట్టుకో, ఇంకెవడి చేతికీ ఇవ్వకు. మిషన్ ముందు ఎత్తి ఉన్న కోత భాగం, అదే కట్టరుని, నేలకి దించు, దాని కింద దిమ్మెలు పెట్టు. లివరు అటూ ఇటూ ఆడించి కట్టరుని ఎత్తే ఆయిల్లో మిగిలిన బలం తీసెయ్యి. తర్వాతే చెయ్యి పెట్టు. ఈ మూడు పాఠాల పుణ్యమా అని అబ్బులికి పది వేళ్ళూ ఉన్నాయి.

మండలికి మూడు చాలలేదు.

*

జిల్లా అధికారి కోదండపాణి రాజధానిలో మూడు రోజుల శిక్షణకి వెళ్ళి ఒక్క మాటతో తిరిగొచ్చాడు. ఆ మాట "శూన్య శక్తి."

"ప్రమాదమునకు మూలము శక్తి," అన్నాడు భద్రతా కమిటీ మొదటి సమావేశంలో. "శక్తి లేనిచో ప్రమాదము లేదు. కావున గొలుసును తాకుటకు ముందు యంత్రమునందలి సమస్త శక్తులను శూన్య స్థితికి కొనిరావలెను. శక్తి ఎక్కడెక్కడ దాగి ఉన్నదో మీరందరూ యోచించి సెలవివ్వండి."

అందరూ యోచించారు. ఇంజనీరు డీజిల్లో శక్తి ఉందన్నాడు. తీసెయ్యాలని రాసుకున్నారు. స్టోర్సు అధికారి బ్యాటరీలో ఉందన్నాడు. దాన్నీ పీకెయ్యాలని రాసుకున్నారు. ప్రచార అధికారికి టైర్లలో గాలి గుర్తుకొచ్చింది. లెక్కల అధికారి వాళ్ళింట్లో ఒకసారి నీళ్ళ పైపు పగిలి ముఖాన కొట్టిందట. ఆ అనుభవంతో, ఆయిలు గొట్టం కీలు విప్పి లోపలి శక్తిని విడుదల చెయ్యాలన్నాడు. టైపిస్టు మెకానిక్ చేతి గడియారంలో ఉన్న బ్యాటరీ సంగతేమిటని అడిగింది. అందరూ ఎవరి మణికట్టు వాళ్ళు చూసుకున్నారు. అంత దూరం ఎవరూ ఆలోచించలేదు.

చివర్లో తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరినీ కూడా అడిగారు. డ్రైవరు సూరిబాబు, "తాళంచెవి తీసెయ్యాలండి," అన్నాడు. అబ్బులు, "కట్టరు కిందికి దించేసి దిమ్మెలెట్టాలండి. అది గాల్లో ఉండగా ఆయిలు జోలికెల్తే మనిసి మీద పడతాదండి. అయిదు క్వింటాళ్ళ బరువండి అది," అన్నాడు.

"అమూల్యమైన సూచన. రాసుకోండి పరాంకుశం గారూ."

మొత్తం నలభై రెండు అంశాలు తేలాయి. మరి ఏది ముందు, ఏది వెనక?

"హోదా క్రమం సార్," అన్నాడు పరాంకుశం తలెత్తకుండానే. "ఎవరి సూచన వారి హోదాని బట్టి. సంతకాల దగ్గర్నుంచి టీ కప్పుల దాకా మన కార్యాలయంలో అదే క్రమం."

దాంతో కోదండపాణి సూచన ఒకటో అంశమైంది. అది యంత్రపు అత్యున్నత భాగాన మండలి బ్యానరు కట్టి అందరూ దాని కింద ప్రతిజ్ఞ చేయడం. ఆయిలు గొట్టం విప్పడం తొమ్మిదో అంశం. సూరిబాబు తాళంచెవి నలభై ఒకటి. కట్టరు దించి దిమ్మెలు పెట్టడం నలభై రెండు.

అబ్బులు గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, ఇది ఆకర్నెడితే లాబం లేదండి. ముందు సెయ్యాల్సిందే ఇదండి."

పరాంకుశం కళ్ళజోడు మీంచి చూశాడు. "చూడవయ్యా, కాంట్రాక్టు వాడి సూచన ఇంజనీరు గారి సూచన కంటే ముందు పెట్టాననుకో. రేపు సీనియారిటీ తప్పిందని ఆయన కోర్టుకెళితే నువ్వొచ్చి సాక్ష్యం చెబుతావా?"

అబ్బులు చెప్పనన్నాడు. క్రమం ఖరారైంది.

*

సోమవారం పదకొండు గంటలకి పెదతాళ్ళలంకలో మంగాయమ్మ చేలో గొలుసు జారింది.

మంగాయమ్మది నాలుగెకరాల కౌలు. అరెకరం కోత అయింది. మూడున్నర ఎకరాల పైరు పండి, వంగి, గింజ రాలడానికి సిద్ధంగా ఉంది. వాయుగుండం శుక్రవారం ఉదయం తీరం దాటుతుందని రేడియోలో పొద్దున్నించీ చెబుతున్నారు. కొడవళ్ళతో కోయిద్దామంటే మనుషుల్లేరు. ఊళ్ళో ఆడవాళ్ళంతా రొయ్యలు ఒలిచే షెడ్లకి వెళ్ళిపోతున్నారు. కిరాయి మిషన్లన్నీ కాలవ అవతలి పెద్ద కమతాలు పట్టుకుపోయాయి. మిగిలింది మండలి వారి ఈ ఒక్క మిషనే. వాన పడితే ఆ పైరంతా నీళ్ళలో పడుకుని నాలుగో రోజుకి మొలకెత్తుతుంది.

సూరిబాబు ఇంజను ఆపాడు. అబ్బులు కవరు తీసి చూశాడు. గొలుసు చీరంచులా వేలాడుతోంది.

"ఏరా తమ్ముడూ, ఎంతసేపు?" అంది మంగాయమ్మ గట్టు మీంచి.

"పావుగంటక్కా."

"మరి కానియ్యి."

"సీలుందక్కా."

ఆవిడ దిగొచ్చి లక్కని గోటితో గీకి చూసింది. "ఇదా? ఇది నా తాంబూలం పెట్టి మూతంత లేదు. పగలగొట్టు."

"పగలగొడితే నా ఉజ్జోగం పోద్దక్కా."

"పగలగొట్టకపోతే నా పంట పోద్దిరా." ఆవిడ అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "సర్లే. నీకూ పిల్లలున్నారు. ఆ కమిటీ ఏదో నేనే ఎల్లి మోసుకొత్తాను. ఎక్కడుంటాదది?"

మోసుకురానక్కర్లేకపోయింది. మంగళవారం అబ్బులు వెళ్ళి చెప్పగానే కోదండపాణి ముఖం వెలిగింది. గొలుసు భద్రతా వారోత్సవాలకి ఒక నమూనా ప్రదర్శన కావాలని ఆయన నాలుగు రోజులుగా ఎదురు చూస్తున్నాడు. నిజంగా వదులైన గొలుసు, నిజమైన రైతు, రోడ్డు పక్క పొలం. ఇంతకంటే ఏం కావాలి?

"శుక్రారం గాలివానంటండి. రేపు పొద్దున్నే తెమిలిపోతే..." అన్నాడు అబ్బులు.

"వర్షము మండలి పరిధిలోనిది కాదు," అన్నాడు కోదండపాణి.

*

బుధవారం పదిన్నరకి కమిటీ దిగింది. మూడు జీపులు, ఒక షామియానా, ఇరవై నాలుగు కుర్చీలు. కుర్చీలు వేయడానికి చోటు చాలక, కోసిన అరెకరంలో ఆరబెట్టిన గడ్డి మంగాయమ్మే తీసి పక్కన పెట్టింది.

ఒకటో అంశం. బ్యానరు అత్యున్నత భాగాన ఉండాలి. సూరిబాబు ఇంజను స్టార్టు చేసి, కోదండపాణి ఇంకా, ఇంకా అని చెయ్యి ఊపుతుంటే కట్టరుని ఆకాశానికి ఎత్తాడు. మిషన్ ముందు పది అడుగుల వెడల్పున, అయిదు క్వింటాళ్ళ ఇనుము నెత్తి మీద నిలబడింది. దానికి బ్యానరు కట్టారు. "శక్తి వద్దు, భద్రత ముద్దు." అందరూ దాని కింద బారులు తీరి ప్రతిజ్ఞ చేశారు.

అబ్బులు తాటి దిమ్మెలు రెండు ఎత్తుకొచ్చి మిషన్ పక్కన నిలబెట్టుకున్నాడు. తన అంశం నలభై రెండు. తన వంతు వచ్చేదాకా ఆగాలి. కానీ అతని కళ్ళు ఆ ఇనుము మీంచి కదల్లేదు.

"అయ్యగారూ, ఇప్పుడైనా దించుదావండి," అన్నాడు.

"బ్యానరు దించుదువా?" అన్నాడు కోదండపాణి. ఆ గొంతు విని అబ్బులు ఒకడుగు వెనక్కి వేశాడు.

ఏ అంశం ఎవరు సూచిస్తే వారే దాన్ని ప్రారంభించాలి. అది పరాంకుశం ఏర్పాటు. ఇంజనీరు డీజిలు తీయడాన్ని ప్రారంభించాడు, చప్పట్లు. డీజిలు డ్రమ్ముల్లోకి ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. స్టోర్సు అధికారి బ్యాటరీ వైరుని కత్తెరతో కత్తిరించబోతే సూరిబాబు పరిగెత్తుకొచ్చి పానాతో విప్పి ఇచ్చాడు. ప్రచార అధికారి టైర్లలో గాలి తీశాడు. మిషన్ ఉస్సురని చేలోకి కూలబడింది. అయిదు నుంచి ఎనిమిది దాకా అంశాలు మనిషికి సంబంధించినవి. అబ్బులు నాడి చూశారు, జేబులు తడిమారు, పొద్దున్న ఏం తిన్నాడో రాసుకున్నారు.

"చద్దన్నమండి."

"చద్దన్నములో శక్తి ఉండునా?" అని కోదండపాణి ఇంజనీరుని అడిగాడు.

"స్వల్పముగా ఉండును సార్."

"రేపటి నుండి మెకానిక్కులు ఉపవాసముతో హాజరు కావలెను. నోట్ చేసుకోండి."

గట్టు మీద కూర్చున్న మంగాయమ్మ గట్టిగానే అంది, "వీళ్ళు ముందు ఆ జీపుల్లో అన్నం కేరేజీలు దించేసి మాటాడితే బాగుండును."

తొమ్మిదో అంశం. లెక్కల అధికారి లేచాడు. పెద్ద పానా ఒకటి రిబ్బను కట్టి పళ్ళెంలో తెచ్చి ఆయన చేతికిచ్చారు. కోదండపాణి ఫోటో కోసం సరిగ్గా బ్యానరు కింద, కట్టరు కింద, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, వద్దండి!" అరిచాడు అబ్బులు. "గాల్లో ఉండగా ఆ గొట్టం విప్పకండి!"

"నీ అంశము ఇంకనూ రాలేదు," అన్నాడు లెక్కల అధికారి, పానా తిప్పుతూ.

ఒక మర. రెండో మర. కీలు దగ్గర్నుంచి నూనె సన్నటి తీగలా చివ్వున చిమ్మింది. లెక్కల అధికారి పానా వదిలేసి పరుగు తీశాడు. పైన ఇనుము ఒక్కసారి ఊగింది.

"సూరిబాబూ, అటు!"

సూరిబాబు ఒక దిమ్మె, అబ్బులు ఒక దిమ్మె. దిమ్మెని కాలితో లోపలికి తన్నేసి అదే ఊపున అబ్బులు కోదండపాణి నడుము పట్టుకుని పక్కకి దూకాడు. వెనక ధన్‌మని చప్పుడైంది. కట్టరు వచ్చి రెండు దిమ్మెల మీద కూర్చుంది. బ్యానరు మాత్రం అందరి కంటే ముందు నేలకి చేరింది. కోదండపాణి ఒక్క క్షణం క్రితం నిలబడిన చోట, ఇప్పుడు దిమ్మెలెత్తున, మోకాలెత్తు సందు మాత్రమే ఉంది.

నలభై ఒకటో అంశమూ, నలభై రెండో అంశమూ కలిసి ఒకటో అంశం ప్రాణం కాపాడాయి.

కోదండపాణి బురదలోంచి లేచాడు. చెవిలో బురద, కళ్ళజోడు మీద బురద. అబ్బులు ఆయన చొక్కా దులపబోయాడు.

"తొమ్మిదవ అంశము నడుచుచుండగా నలభై రెండవ అంశమును అమలు జరిపినది ఎవరు?" అన్నాడు కోదండపాణి.

"నేనేనండి."

"మెమో ఇవ్వండి."

పరాంకుశం అప్పటికే రాస్తున్నాడు. రాస్తూ రాస్తూ ఆగాడు. "సార్, ఇది ప్రమాదమని రాస్తే భద్రతా వారోత్సవంలో ప్రమాదం జరిగినట్టవుతుంది."

"మరి?"

"అధికారులు స్వచ్ఛందంగా నేలమట్టానికి చేరి తమలోని ఎత్తు తాలూకు శక్తిని శూన్యం చేసుకున్నారు, అని రాస్తాను సార్."

చప్పట్లు మొదలయ్యాయి. లెక్కల అధికారి చప్పట్లు దూరంగా, కాలవ గట్టు మీంచి వినిపించాయి.

*

మధ్యాహ్నం మూడింటికి ముప్పై ఒకటో అంశం వచ్చింది. అది కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరుది. పుస్తకాలు చదివినవాడు కావడం వల్ల అతని అంశం లోతుగా ఉంది: గొలుసులోని బిగువు కూడా నిల్వ శక్తే, కాబట్టి గొలుసును తాకే ముందు దాని బిగువును కూడా శూన్యం చేయాలి.

కోదండపాణి గొలుసు ముందు వంగి చూశాడు. "ఇది వేలాడుచున్నదే?"

"వదులైపోయిందండి. అందుకేగా మిమ్మల్ని పిలిచాం," అన్నాడు అబ్బులు.

"అనగా ఇందులో బిగువు లేదు."

"లేదండి."

"బిగువు లేదు కనుక శక్తి లేదు. ఈ గొలుసు స్వయముగా శూన్య స్థితికి చేరియున్నది!"

షామియానా కింద అందరూ లేచి నిలబడ్డారు. కుర్ర ఇంజనీరుకి మాత్రం ఒక అనుమానం. "సార్, ఇప్పుడు దీన్ని బిగిస్తే?"

"బిగించినచో బిగువు వచ్చును."

"బిగువొస్తే శక్తి వస్తుంది సార్."

"శక్తి వచ్చినచో మరల ఒకటవ అంశము నుండి..." కోదండపాణి ఆగిపోయాడు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. శిక్షణలో మూడు రోజులు చెప్పింది ఆయనకి ఇప్పుడు, ఈ బురదలో, పూర్తిగా అర్థమైంది. "పరాంకుశం గారూ! సురక్షితమైన గొలుసనగా వదులు గొలుసే! దీనిని బిగించుటయే ప్రమాదము!"

పదిహేను నిమిషాల్లో ధ్రువపత్రం తయారైంది. డీజిలు లేదు, బ్యాటరీ లేదు, గాలి లేదు, బిగువు లేదు. ఈ యంత్రము శాశ్వత శూన్య శక్తి స్థితిని పొందినది గనుక ఇకపై యంత్రముగా పరిగణింపబడదు, స్థిర వస్తువుగా పరిగణింపబడును. రాష్ట్రంలో ఇదే మొదటిది. దాన్ని బంగారు రంగు చట్రంలో పెట్టి మిషన్‌కి తగిలించారు.

మంగాయమ్మ షామియానా దగ్గరికి వచ్చింది. "అయ్యా, అయిపోయిందా అండీ? ఇంక కోత్తదా?"

"అమ్మా, మీ పొలము ధన్యమైనది," అన్నాడు కోదండపాణి. జీపెక్కాడు.

ఆవిడ ధన్యమైన పొలం వైపు చూసింది. తూర్పున మబ్బు గేదెదూడ రంగులో కమ్ముతోంది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. గట్టు మీద కూర్చుని ఒక వెన్ను తెంపి, అరచేతిలో నలిపి, గింజలు లెక్కపెడుతున్నట్టు చూస్తూ ఉండిపోయింది.

షామియానా విప్పుతున్నారు. పరాంకుశం ఒక్కడే వెనకబడి, వంగి, బోల్టు మీద లక్కని పేనాకత్తితో చెక్కుతున్నాడు.

"ఏం చేత్తన్నారండీ?"

"సీలు తీస్తున్నానయ్యా. సీళ్ళు యంత్రాలకి ఇరవై ఆరు. ఇప్పుడు యంత్రాలు ఇరవై అయిదే. స్థిర వస్తువు మీద సీలుంటే తనిఖీలో నా మెడకి చుట్టుకుంటుంది."

అబ్బులు గొంతు మామూలుగా ఉంచి అడిగాడు. "అయితే ఇది ఇంక మిషన్ కాదాండీ?"

"కాదు."

"నలభై రెండు అంశాలూ దీనికి?"

"అవి యంత్రాలకి."

"ఈ బోల్టు తాకితే ఉజ్జోగం పోద్దాండీ?"

పరాంకుశం పేనాకత్తి మడిచాడు. అబ్బులు వైపు చూశాడు. మబ్బు వైపు చూశాడు. గట్టు మీద మంగాయమ్మ వైపు చూశాడు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఆయన నిబంధన లేకుండా నోరు తెరవలేదు.

"స్థిర వస్తువుల గురించి మండలిలో ఇంకా నిబంధనలు రాలేదయ్యా," అన్నాడు. "వచ్చే బుధవారం కమిటీ కూర్చుంటే రావొచ్చు." జీపెక్కి వెళ్ళిపోయాడు.

*

గురువారం తెల్లవారేసరికి పని మొదలైంది. సూరిబాబు బావమరిది పంక్చరు షాపు నుంచి గాలి కొట్టే యంత్రం వచ్చింది. డ్రమ్ముల్లో డీజిలు మళ్ళీ టాంకులోకి వెళ్ళింది. గొట్టం కీలు బిగిసింది, కారిన నూనె నిండింది. బ్యాటరీ ఇంకా పెట్టలేదు.

"ముందు గొలుసు," అన్నాడు అబ్బులు. తాళంచెవి అడిగి తీసుకుని మొలతాడుకి కట్టుకున్నాడు. కట్టరు దిమ్మెల మీద ఉన్నా మళ్ళీ ఒకసారి వంగి చూశాడు. లివరు అటూ ఇటూ ఆడించాడు.

"ఇందులో పేణవే లేదు కదరా, అన్నీ ఎందుకు?" అన్నాడు సూరిబాబు.

"పేణం లేదని వాళ్ళు రాశారు. నేను రాయలేదు."

బోల్టుని కదలనివ్వని చెక్ నట్ వదులు చేసి, బోల్టుని పావుతిప్పు తిప్పాడు. కర్రపుల్లతో నొక్కి చూశాడు. ఇంకో పావుతిప్పు. చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, గొలుసు ఎక్కడ బాగా బిగుసుకుంటుందో అక్కడ మళ్ళీ నొక్కాడు. వేలెడు దిగింది. చెక్ నట్ బిగించి, కవరు వేసి, పానాలన్నీ లెక్క చూసుకుని సంచిలో వేశాడు. పదమూడు నిమిషాలు. బ్యాటరీ పెట్టాక తాళంచెవి సూరిబాబు చేతికిచ్చాడు.

సూరిబాబు సీటు మీద తటపటాయించాడు. "రేపెవరైనా అడిగితే? మిషన్ నడిపావని నామీద రాత్తారేమో?"

"నువ్వు నడిపేది మిషన్ కాదు. స్థిర వస్తువు మీద కూర్చున్నావు. కూర్చోడానికి లైసెన్సెందుకు?"

స్థిర వస్తువు గర్జించింది. బంగారు చట్రం అదురుతుంటే మంగాయమ్మ దాన్ని తీసి, మర్యాదగా, ధాన్యం మీద కప్పే బరకం మీద బోర్లించింది. సాయంత్రం నాలుగింటికి మూడున్నర ఎకరాలూ అయిపోయాయి. అయిదింటికి ధాన్యం ట్రాక్టరెక్కింది. ఆరింటికి గోడౌనుగా మార్చిన పాత సినిమా హాల్లో చేరింది. మిషన్‌ని మళ్ళీ సరిగ్గా పాత గుంటల్లోనే నిలబెట్టి, కట్టరు దిమ్మెల మీదికి దించి, గాలి తీసి, డీజిలు డ్రమ్ముల్లోకి వంచి, బ్యాటరీ గట్టున పెట్టి, చట్రం తగిలించారు.

శుక్రవారం వాన కురిసింది. మూడు రోజులు కురిసింది. కాలవకి ఇటుపక్క మిగిలిన చేలన్నీ నీళ్ళలో పడుకున్నాయి. లక్క సీళ్ళున్న ఇరవై అయిదు మిషన్లూ తమ తమ గొలుసులు వేలాడేసుకుని ఆ వానలో క్షేమంగా తడిశాయి. ఒక్క వేలూ నలగలేదు.

*

రాష్ట్ర స్థాయి భద్రతా పురస్కారానికి ఫోటో కావాలి. మళ్ళీ బుధవారం కోదండపాణి, వెనక పరాంకుశం వచ్చారు. అబ్బులుని రమ్మన్నారు. పరాంకుశం చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి మెమో. రెండోది పొడిగింపు. రెండిట్లో ఏదో ఒకదాని మీదే సంతకం పడుతుంది.

స్థిర వస్తువు చెక్కుచెదరకుండా ఉంది. దాని చుట్టూ నాలుగెకరాల పైరు మాత్రం లేదు. వరి కొయ్యలు వరసలుగా, ఒకే ఎత్తున, మిషన్ కోత తప్ప మరోటి కాదని పసిపిల్లవాడికైనా తెలిసేలా నీళ్ళలో నిలబడి ఉన్నాయి.

"ఈ వస్తువు కదిలెనా?" అన్నాడు కోదండపాణి.

అబ్బులు బంగారు చట్రం వైపు చూపించాడు. "స్థిర వస్తువండి. మీ సర్టిఫికెట్టు ఉందండి."

"మరి పైరు?"

పరాంకుశం ముందుకు వంగి చెవిలో అన్నాడు. "సార్, కదిలిందని రాస్తే మన ధ్రువపత్రం అబద్ధమవుతుంది. ధ్రువపత్రం మీద సంతకం తమరిది."

కోదండపాణి ఆలోచించాడు. ఆ ఆలోచన ఆయన ముఖం మీద బుగ్గ నుంచి నుదుటి దాకా నెమ్మదిగా ఎక్కడం అబ్బులు చూశాడు. ఆయన చెయ్యి చాచాడు. పరాంకుశం ఇచ్చిన కాగితాన్ని స్థిర వస్తువు రేకు మీదే ఆనించి సంతకం చేశాడు. పొడిగింపు. శూన్య శక్తి వస్తువును కంటికి రెప్పలా కాపాడినందుకు. మెమో మడిచి పరాంకుశం జేబులో పెట్టుకున్నాడు.

అయినా ఆయనకి మనసు ఒప్పలేదు. గట్టు మీద నిలబడ్డ మంగాయమ్మని పిలిచాడు.

"ఏమమ్మా, ఈ పైరు కోసినదెవరు?"

"నేనేనండి."

"కూలీలెందరు?"

"కూలీలెక్కడున్నారండి ఈ ఊళ్ళో? నేనొక్కద్దాన్నేనండి."

"మూడున్నర ఎకరములు? ఒక్కదానివే? ఎన్ని దినములు పట్టినది?"

"దినాలెక్కడివండి, వానొచ్చేత్తాంటే? ఒక్క పూటేనండి."

కోదండపాణి ఆవిడని ఎగాదిగా చూశాడు. ఎండిన చేతులు, పగిలిన మడమలు, నెరిసిన తల. "ఒక్క పూటలోనా? అది ఎట్లు సాధ్యము?"

మంగాయమ్మ చీర కొంగు నడుం చుట్టూ బిగించి దోపుకుంది.

"మిషన్లో శక్తంతా తీసేశారు గానండి," అంది, "నాలోది తియ్యమని మీరెవరూ రాయలేదు కదండీ."

కోదండపాణి చొక్కా జేబులోంచి మెల్లగా పెన్ను తీశాడు.

"అమ్మా," అన్నాడు, "ఆ మాట మరొక్కమారు చెప్పు."